పదునున్న మట్టి, పక్కకి జారే కారు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో 1949 జూన్ 19న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం షార్లట్‌లో జరిగిన కార్ల పందెం గురించి రాశాం. అది ముప్పావు మైలు మట్టి ట్రాక్. 33 కార్లు, 200 రౌండ్లు, మొత్తం 150 మైళ్ళు. షోరూములో అమ్మే కారుని ఏ మార్పూ చేయకుండా తెచ్చి తోలాలన్నది నియమం. అమెరికాలో కార్ల పందేలు నడిపే నాస్కార్ అనే సంస్థ ఇవాళ నాస్కార్ కప్ పేరుతో నడుపుతున్న పోటీలకు అదే మొదటి పందెం. దాని మీద డెల్టా నలుమూలల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. రాసినవాళ్ళలో లారీ మెకానిక్కులున్నారు, ట్రాక్టరు తోలేవాళ్ళున్నారు, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు. ఒకే తీరు ప్రశ్నల్ని ఒకటిగా కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఆ పందెంలో ముందొచ్చిన కారుని వెనక స్ప్రింగు మార్చారని తీసేశారని రాశారు. మా దగ్గర ధాన్యం లారీలకి కమాను కట్టలో రెండు పట్టీలు ఎక్కువ వెయ్యడం మామూలేనండి. అంత చిన్న మార్పుకి బహుమతి పోవడం న్యాయమేనా? (తణుకు)

ముందొచ్చినది గ్లెన్ డనవే తోలిన 1947 మోడల్ ఫోర్డ్. రెండో కారు కన్నా మూడు రౌండ్లు ముందుంది. పందెం అయ్యాక తనిఖీలో వెనక కమాను సాగదీసి బిగించి ఉందని తేలింది.

ఆ ఫోర్డుకి మన లారీలకున్నట్టు చెరో వైపూ నిలువుగా రెండు కమాను కట్టలుండవు. వెనకంతటికీ ఒకటే కట్ట, అదీ విల్లులా అడ్డంగా, ఇరుసుకి సమాంతరంగా ఉంటుంది. మలుపులో బండి బయటికి ఒరుగుతున్నప్పుడు ఈ ఒక్క కట్టే ఊగుతుంది కాబట్టి ఒరుగు ఎక్కువ. దాన్ని గట్టి చేస్తే ఒరుగు తగ్గుతుంది, పైగా బండి తోక సులువుగా తిరుగుతుంది. మట్టి మలుపులో కావలసింది అదే. ఈ కిటుకు ఆ ప్రాంతంలో దొంగసారా రవాణా చేసేవాళ్ళది. డిక్కీ నిండా సరుకు ఎక్కించినా వెనక కుంగకూడదు, పోలీసులు వెంటపడితే కొండ మలుపుల్లో ఒరగకూడదు. అందుకు పుట్టిన మార్పు అది.

లారీకి పట్టీలు వేస్తే మోసం కాదు, బరువు మొయ్యడానికి వేస్తున్నారు. ఇక్కడ పోటీ పెట్టిందే 'కొన్నది కొన్నట్టు' తోలాలని. వెనక కమాను మార్చిన కారుకీ మార్చని కారుకీ మూడు రౌండ్ల తేడా వచ్చిందంటే అది చిన్న మార్పు కాదని మా అభిప్రాయం. కాన్సాస్ నుంచి వచ్చిన జిమ్ రోపర్‌కి, ఆయన తోలిన లింకన్‌కి మొదటి స్థానం ఇచ్చారు, 2000 డాలర్లు ఆయనకే దక్కాయి. ఫోర్డు యజమాని కోర్టుకెళ్ళాడు. కోర్టు కేసు కొట్టేసింది.

ప్రశ్న: పందెం పెట్టే మట్టి ట్రాక్‌ని ఎలా తయారుచేస్తారు? మా నల్లరేగడి దానికి పనికొస్తుందా? నీళ్ళు ఎంత పట్టాలి? (ఆచంట, పెనుగొండ, రాజోలు నుంచి ముగ్గురు)

ముగ్గురూ వ్యవసాయం చేసేవాళ్ళే కాబట్టి ఒక్క మాటలో చెబితే అర్థమైపోతుంది: పదును. దుక్కికి మట్టి ఏ పదునులో ఉండాలో ట్రాక్‌కీ కొంచెం అటూఇటూగా అదే పదును. పదును తక్కువైతే దుమ్ము, ఎక్కువైతే బురద. తేడా ఎక్కడంటే, దుక్కికి ఒక పూట పదునుంటే చాలు. ట్రాక్‌కి సాయంత్రం మొదటి పందెం నుంచి రాత్రి చివరి పందెం దాకా, వందల బండ్లు తొక్కుతుండగా నిలవాలి.

ముందు మట్టి సంగతి. షార్లట్ చుట్టుపక్కలది ఎర్ర బంకమన్ను. అయోవా రాష్ట్రంలో నాక్స్‌విల్ అనే ఊళ్ళో పేరున్న అర మైలు ట్రాక్ ఉంది, అక్కడిది నల్లమట్టి. తడిస్తే జిగురు, ఆరితే రాయి. మన రేగడికి దగ్గర చుట్టమే. కాబట్టి రేగడి పనికొస్తుంది, అయితే ఒట్టి రేగడి వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. నెర్రె అంచు మీద టైరు పడితే పెళ్ళలు లేచి గుంత పడుతుంది. లంక మట్టి ఒక్కటే అయితే పట్టు ఉండదు, పది రౌండ్లకి పొడై లేచిపోతుంది. మెట్ట నుంచి తెచ్చే గ్రావెల్ రోడ్డుకి బాగుంటుంది కానీ ఇక్కడ ప్రమాదం. ముందు కారు టైరు కింద నుంచి లేచిన రాయి వెనక కారు అద్దంలోకి వస్తుంది.

రేగడిలో లంక మట్టి ఎంత కలిపితే సరిపోతుందో తెలుసుకోవడానికి సీసా పరీక్ష చాలు. లీటరు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్ళు నింపి, బాగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలో అడుగున చేరింది ఇసుక. రెండు గంటల్లో దాని మీద చేరేది ఒండ్రు. మర్నాటికి పైన పేరుకున్నది బంక. మొత్తం మందంలో బంక మూడో వంతుకి దగ్గరగా ఉంటే మంచి మట్టి. సగం దాటితే నెర్రెలు, అతుక్కోవడం రెండూ తప్పవు.

ఇక నీళ్ళు. ఈ లెక్క ఎవరికైనా పనికొస్తుంది. పావు మైలు ట్రాక్ అనుకుందాం: పొడవు 402 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు, విస్తీర్ణం సుమారు 4800 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు తడి. అంటే 5000 లీటర్ల ట్యాంకరు ఒకటి పోస్తే ట్రాక్ అంతా ఒక్క మిల్లీమీటరు తడుస్తుంది, అంతే. పై 10 సెంటీమీటర్ల మట్టిని పదునుకి తేవాలి. గట్టిపడిన ఎండు మట్టి ఘనమీటరు 1600 కిలోలుంటే, చదరపు మీటరుకి ఆ 10 సెంటీమీటర్లలో 160 కిలోల మట్టి ఉంటుంది. తేమ నూటికి 8 ఉన్నది 14 కావాలంటే 6 పాళ్ళు పెరగాలి, అంటే 9.6 లీటర్లు. మొత్తం మీద పది ట్యాంకర్లు. దాళ్వాకి కాలువ పారుతున్న రోజుల్లో ఇంజను పెట్టి తోడుకుంటే సరిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక పది ట్యాంకర్లంటే పెద్ద ఖర్చే.

ఆ పదీ ఒకేసారి పొయ్యడం దాదాపు అందరూ చేసే తప్పు. పైన చర్మంలా పలచటి పొర తడిసి జిగురవుతుంది, కింద ఎండు అలాగే ఉంటుంది. కార్లు తిరిగితే ఆ తడి పొర అట్టలు అట్టలుగా టైర్లకి చుట్టుకుని లేచిపోతుంది, ట్రాక్ బోడి అవుతుంది. సరైన వరుస ఇది: ముందురోజు సాయంత్రం డిస్కుతో గానీ రోటావేటరుతో గానీ 10 సెంటీమీటర్ల లోతు తిరగేసి, నాలుగు విడతలుగా నీళ్ళు పట్టాలి. విడతకీ విడతకీ మధ్య నీరు ఇంకిందాకా ఆగాలి. రాత్రంతా నాననివ్వాలి. పొద్దున్నే బ్లేడు పెట్టి చదును చేసి, కాలువ గట్లు తొక్కించడానికి వాడే షీప్‌ఫుట్ రోలరుతో తొక్కించాలి. నున్నటి రోలరు పైపైనే అణుస్తుంది, షీప్‌ఫుట్ అడుగు నుంచి అణుచుకుంటూ వస్తుంది. మధ్యాహ్నం పందెం కార్లనే పక్కపక్కగా మెల్లగా తిప్పుతూ టైరు జాడ పడని చోటు లేకుండా తొక్కిస్తారు. ఈ ఆఖరి పని విసుగు. పోటీదారులు తప్పించుకోవాలని చూస్తారు. అది ఎగ్గొట్టిన రోజున నాలుగో పందేనికే ట్రాక్ చితికిపోతుంది.

పదును చూసే పద్ధతి మీకు కొత్త కాదు. గుప్పెడు మట్టి పిసికితే ముద్ద కట్టాలి, చేతికి తడి అంటకూడదు, నడుమెత్తు నుంచి వదిలితే మూడు నాలుగు ముక్కలవ్వాలి. పొడైతే ఇంకో ట్యాంకరు. చపాతీలా పరుచుకుంటే గంట ఆగాలి.

ప్రశ్న: ట్రాక్ గట్టిపడేకొద్దీ బయటి వైపు నుంచి వెళ్ళేవాళ్ళే ముందుకొస్తారని రాశారు. బయటి దారి దూరం కదా? (భీమవరం)

దూరమే. లోపలి దారి కన్నా 5 మీటర్లు బయటగా తిరిగితే ఒక్కో రౌండుకి 31 మీటర్లు ఎక్కువ. అయినా లాభం వచ్చేది మట్టి వల్లే. సాయంత్రం అయ్యేసరికి లోపలి దారి తొక్కుడుకి నున్నబడి, ఆరి, టైరు రబ్బరు పూసుకుని నల్లగా మెరుస్తుంది. అక్కడున్న తడి మట్టిని టైర్లు చిమ్మి చిమ్మి బయటి అంచున గట్టులా పేరుస్తాయి. ఈ పందేల్లో మలుపులన్నీ ఎడమకే కాబట్టి బయటి వైపంటే కుడి వైపు. ఆ మెత్తటి గట్టుకి కుడి వెనక టైరు ఆనించి తోలితే కారు దాని మీద వాలినట్టుగా తిరుగుతుంది. లెక్క వేస్తే, 65 మీటర్ల అర్ధవ్యాసం ఉన్న మలుపులో 5 మీటర్లు బయటికి వెళ్ళాలంటే అక్కడ పట్టు కనీసం నూటికి 8 పాళ్ళు ఎక్కువుండాలి. అంతకన్నా తక్కువైతే లోపలి దారే మేలు. ఆ గట్టు పొడిబారిన క్షణం నుంచి బయటి దారి నష్టం. అందుకే మంచి డ్రైవరు రౌండు రౌండుకీ నేల రంగు చూస్తాడు. ముదురు రంగు తడి, లేత రంగు ఎండు.

బయటి గట్టుతో ఇంకో ప్రమాదం ఉంది. పక్కకి జారుతున్న కారు కుడి టైర్లు లోతైన గాడిలో పడితే కాలు తట్టుకున్న మనిషిలా పల్టీ కొడుతుంది. మట్టి మీద పల్టీలు చాలామట్టుకు వేగం వల్ల కాదు, గాడి వల్ల. అలాంటి కారు వచ్చి పడేది మలుపు బయటి వైపే. ఏ పందెం చూడ్డానికి వెళ్ళినా మలుపు బయట నిలబడకండి.

ప్రశ్న: దమ్ములో ట్రాక్టరు ఒక చక్రం గిరగిరా తిరిగి దిగబడితే డిఫరెన్షియల్ లాక్ తొక్కుతాం. పందెం కార్లకి అలాంటిదేమైనా ఉండేదా? (మండపేట)

ఉండేది, ఇంకా మొరటుగా. పాత మాడిఫైడ్ కార్లలో, అంటే పందేనికని మార్పులు చేసిన కార్లలో, డిఫరెన్షియల్ లోపల రెండు చక్రాల్నీ వేరువేరు వేగంతో తిరగనిచ్చే స్పైడర్ గేర్లని వెల్డింగ్ చేసి ఒకటిగా అతికించేసేవారు. మీ పెడలు కాలు తీస్తే విడిపోతుంది, అది ఎప్పటికీ విడిపోదు. ఎందుకు చేశారంటే, ఎడమ మలుపులో బరువంతా కుడి వైపుకి పోయి ఎడమ వెనక చక్రం తేలికవుతుంది. మామూలు డిఫరెన్షియల్ అయితే ఇంజను బలమంతా ఆ తేలిక చక్రానికే పోయి అది ఊరికే తిరుగుతుంది. దమ్ములో మీరు చూసేది సరిగ్గా ఇదే.

లాక్ తొక్కి ట్రాక్టరు మలపకూడదని మీకు తెలుసు. ఇరుసు మెలిపడుతుంది, బండి తిరగనంటుంది. మట్టి మీద టైరు కాస్త జారుతుంది కాబట్టి వెల్డింగ్ చేసిన కారు బతుకుతుంది. తారు రోడ్డు మీదికి తెస్తే ఇరుసు కడ్డీ విరుగుతుంది. రోడ్డు మీద తిరిగే ఏ బండికీ ఈ పని చెయ్యకండి. ఇక ట్రాక్ మీద కూడా ఆ ఇరుసు మలుపులో సాఫీగా తిరగడానికి టైర్ల కొలతలో ఒక తేడా పెడతారు. ఆ లెక్క కింది ప్రశ్నలో ఉంది.

ప్రశ్న: ఎడమ, కుడి వెనక టైర్ల చుట్టుకొలతలో తేడా ఎంత పెట్టాలో సూత్రం చెప్పగలరా? (భీమవరం, ఇంజనీరింగ్ విద్యార్థి)

సూత్రం చాలా సులువు. రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించి ఉంటే రెండూ ఒకే సారి ఒకే చుట్టు తిరుగుతాయి. మలుపులో కుడి చక్రం ఎక్కువ దూరం పోవాలి. ఆ దూరాల నిష్పత్తే టైర్ల చుట్టుకొలతల నిష్పత్తి.

అర మైలు ట్రాక్ తీసుకోండి, 805 మీటర్లు. రెండు నిటారు దారులు 200 మీటర్ల చొప్పున పోతే మలుపులకి మిగిలింది 405 మీటర్లు. రెండు అర్ధవృత్తాలూ కలిస్తే పూర్తి వృత్తం కాబట్టి అర్ధవ్యాసం 64.5 మీటర్లు. చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లయితే కుడి చక్రం 65.25 మీటర్ల అర్ధవ్యాసం మీద, ఎడమ చక్రం 63.75 మీద తిరుగుతాయి. నిష్పత్తి 1.0235. ఎడమ టైరు చుట్టుకొలత 210 సెంటీమీటర్లుంటే కుడిది సుమారు 215 ఉండాలి. తేడా 5 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలు. ట్రాక్ చిన్నదయ్యేకొద్దీ తేడా పెరగాలి.

కొలిచేటప్పుడు చాలామంది పొరపడేది గాలి దగ్గర. పందెంలో వాడే గాలి ఒత్తిడి పట్టించి, టైరుని గాల్లోకి లేపి, తొక్కుడు సరిగ్గా నడిమధ్యన స్టీలు టేపు చుట్టాలి. గుడ్డ టేపు సాగుతుంది. అంచు మీద చుట్టితే కొలత తక్కువ చూపిస్తుంది. ఒకే సైజు రాసిన రెండు నైలాన్ టైర్లకి కూడా కొలతలో తేడా ఉంటుంది కాబట్టి పందెం వాళ్ళు కొట్లో పది టైర్లు కొలిచి జత కుదుర్చుకుంటారు. నైలాన్ టైరు గాలికి సాగుతుంది. ఎడమ దానికి గాలి రెండు పౌన్లు తగ్గిస్తే తేడా మరి కాస్త పెరుగుతుంది. రేడియల్ టైరు అలా సాగదు.

తేడా ఎక్కువైతే నిటారు దారిలో కారు ఎడమకి లాగుతూనే ఉంటుంది, మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కగానే తోక విసురుతుంది. తక్కువైతే ముందు టైర్లు తిప్పినా కారు తిన్నగా బయటి గోడ వైపు తోసుకుపోతుంది. ఈ రెండు లక్షణాల్ని డ్రైవరు సరిగ్గా చెప్పగలిగితే మెకానిక్ పని సగం అయినట్టే. సాయంత్రం తడిలో సరిపోయిన తేడా రాత్రి నున్నబడిన నేల మీద ఎక్కువవుతుంది. కాబట్టి అసలు పందెం ఎప్పుడుందో చూసుకుని, అప్పటి నేలకి తగ్గట్టు టైర్లు బిగించాలి. మొదటి రౌండ్లలో కారు కాస్త మొండిగా ఉన్నా ఓర్చుకోవాలి.

ప్రశ్న: ఎడమ మలుపులో స్టీరింగ్ కుడికి తిప్పుతారెందుకు? (రావులపాలెం)

కారు అప్పటికే తిరిగిపోయి ఉంటుంది కాబట్టి. మలుపుకి ముందు యాక్సిలరేటర్ వదలగానే బరువు ముందుకి వాలుతుంది, వెనక తేలికై తోక కుడికి జారుతుంది. ఇప్పుడు స్టీరింగ్ ఎడమకే ఉంచితే కారు గిర్రున తిరిగిపోతుంది. ముందు చక్రాల్ని కారు నిజంగా పోతున్న దిక్కుకి, అంటే కుడికి తిప్పి, మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కి, తోకని ఆ కోణంలోనే నిలబెడతారు. అక్కడి నుంచి కారుని మలిపేది స్టీరింగ్ కాదు, కుడి కాలు.

తారు మీద ఇది దండగ. మట్టి మీద లాభం, ఎందుకంటే అడ్డంగా పోతున్న టైరు నాగలిలా మట్టిని తన ముందు పేర్చుకుంటుంది, ఆ పేర్చుకున్న మట్టే దాన్ని ఆపుతుంది. వాలు కూడా సాయపడుతుంది. గంటకి 80 కిలోమీటర్లతో 64.5 మీటర్ల అర్ధవ్యాసం మలుపు తిరిగే కారుని బయటికి లాగే బలం దాని బరువులో 0.78 వంతు. నేల చదునుగా ఉంటే టైర్లకి అంత పట్టూ ఉండాలి. 10 డిగ్రీల వాలుంటే 0.53 చాలు.

ప్రశ్న: మన అంబాసిడర్ ఎంత మొండి బండో అందరికీ తెలుసు. ఆ కాలంలో అమెరికా తీసుకెళ్ళి ఉంటే నెగ్గేదా? (పాలకొల్లు)

అంబాసిడర్ మీద మీ అభిమానం మాకూ ఉంది. గుంతల రోడ్డుకి, పెళ్ళి బృందానికి దాన్ని మించింది లేదు. ట్రాక్ మీద మాత్రం 1489 సీసీ పెట్రోలు ఇంజను, 50 గుర్రాల బలం. 1949లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ 88 ఇంజను సుమారు 5 లీటర్లు, 135 గుర్రాలు. అక్కడే తేలిపోయింది.

బలం పక్కన పెట్టినా ఎత్తు ఒకటుంది. 1100 కిలోల కారు, గరిమనాభి నేల నుంచి 60 సెంటీమీటర్లు, చక్రాల మధ్య 1.37 మీటర్లు అనుకోండి. బరువులో 0.6 వంతు బలం పక్కకి లాగితే 289 కిలోల భారం ఎడమ నుంచి కుడికి మారుతుంది. కుడి వైపు 840, ఎడమ వైపు 260 మిగులుతాయి. ఆ 840లో పెద్ద వాటా బ్రేకు కొట్టిన క్షణాన కుడి ముందు చక్రం మీద పడుతుంది. అప్పటి కార్లకీ విరిగింది అదే. రేకు చక్రం వీల్ నట్ల చుట్టూ చిరిగి, నట్లు అక్కడే ఉండగా చక్రం ఊడి పరుగెత్తేది. అన్నీ కొన్నట్టే ఉండాలన్న ఆ నియమాల్లో కూడా కుడి ముందు చక్రానికి ఇనుప ప్లేటు వేసుకోవడానికి ఒప్పుకున్నారంటే ఆ బాధ ఎంతటిదో ఊహించండి.

ఎత్తు తగ్గితే ఏమవుతుందో హడ్సన్ హార్నెట్ అనే అమెరికా కారు చూపించింది. దాని ఫ్లోరు ఛాసిస్ కమ్మీల మీద కాక వాటి మధ్యలోకి దించి ఉంటుంది, ఎక్కేవాళ్ళు కిందికి అడుగు వేసి కూర్చోవాలి. ఇంజను ఆరు సిలిండర్లదే, ఎదుట ఎనిమిది సిలిండర్ల వి-8లు ఉన్నాయి. అయినా 1952లో జరిగిన 34 పందేల్లో 27 హడ్సన్‌లే గెలిచాయి.

ప్రశ్న: షార్లట్ పందెంలో చాలా కార్లు వేడెక్కి ఆగిపోయాయన్నారు. కారణం దుమ్మేనా? (నరసాపురం)

దుమ్ము, మట్టి పెళ్ళలు ఒక కారణం. వరికోత మిషను రేడియేటర్‌కి పొట్టు పట్టినట్టే మట్టి పట్టి గాలి ఆగిపోతుంది. ఫోర్డు పాత ఫ్లాట్‌హెడ్ వి-8కి పుట్టుకతో వచ్చిన లోపం ఇంకొకటుంది. పొగ బయటికి పోయే దారులు బ్లాకు లోపలి నుంచి, చల్లార్చే నీళ్ళ మధ్యగా వెళ్తాయి. పొగ వేడి నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. గట్టి లోడు మీద గంటల తరబడి తోలితే మరిగిపోక తప్పదు.

రేడియేటర్ ముందు సన్న జల్లెడ కట్టడం మంచిదే, కానీ జల్లెడ మరీ సన్నమైతే అదే మూసుకుపోతుంది. వేలు దూరనంత కన్ను చాలు. కడిగేటప్పుడు ఫ్యాను వైపు నుంచి ముందుకి నీళ్ళు కొట్టాలి. ముందు నుంచి కొడితే మట్టి ఇంకా లోపలికి దూరుతుంది. మీ కోత మిషన్లకీ ఇదే పద్ధతి.

ప్రశ్న: దుమ్ము లేవకుండా ట్రాక్ మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారట. మా ఊరి మట్టిరోడ్డుకి వెయ్యొచ్చా? (అమలాపురం)

అది గాలిలో తేమని పీల్చుకుని మట్టిని తడిగా ఉంచుతుంది, కోనసీమ గాలికి బాగానే పనిచేస్తుంది. కానీ ఉప్పు ఉప్పే. వాన పడితే కరిగి పక్క చేలోకి, కొబ్బరి తోటలోకి, బోదెలోకి పోతుంది. అసలే ఉప్పునీరు పైకొస్తున్న నేలలు మీవి. కార్ల రేకు కూడా తుప్పు పట్టిస్తుంది. వద్దు. రోజూ పొద్దున, సాయంత్రం పలచగా నీళ్ళు చల్లించండి.

ప్రశ్న: ఆడవాళ్ళు ఎవరైనా తోలారా? (కొవ్వూరు)

తోలారు. ఆ మొదటి పందెంలోనే శారా క్రిస్టియన్ ఉన్నారు, 14వ స్థానం వచ్చింది. అదే ఏడాది మరో పందెంలో ఆమె అయిదో స్థానంలో నిలిచారు. ఆ తరగతి పోటీల్లో ఒక మహిళ మొదటి అయిదుగురిలో నిలవడం అప్పటి నుంచి మళ్ళీ జరగలేదు.

ప్రశ్న: మట్టి పందేలు ఎప్పుడు ఆగిపోయాయి? (ధవళేశ్వరం)

పూర్తిగా ఆగలేదు. పెద్ద తరగతి పోటీలు మాత్రం 1970 సెప్టెంబరు 30న నార్త్ కరోలినాలోని రాలీలో అర మైలు మట్టి ట్రాక్ మీద జరిగినదానితో ఆగాయి. గెలిచింది రిచర్డ్ పెట్టీ. 1949 షార్లట్ పందెంలో తన బ్యూక్ కారుని పల్టీ కొట్టించిన లీ పెట్టీ కొడుకే ఈయన. తర్వాత యాభై ఏళ్ళు అంతా తారు, కాంక్రీటే. 2021 మార్చిలో టెనెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో కాంక్రీటు మీద మట్టి పరిచి మళ్ళీ పెట్టారు, జోయీ లొగానో గెలిచాడు. నాక్స్‌విల్, ఒహాయోలోని ఎల్డొరా లాంటి ట్రాకుల మీద చిన్న తరగతి పోటీలు మధ్యలో ఎప్పుడూ ఆగలేదు.

ప్రశ్న: పండక్కి మా ఊళ్ళో పెట్టే పరుగు పందేల్లో రౌండ్ల లెక్క దగ్గర ఏటా గొడవే. అక్కడ అన్ని కార్లకి ఎలా లెక్కపెట్టేవారు? (రాజోలు)

అక్కడా గొడవలే, ఒకటి మరీ అన్యాయమైనది. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో అర మైలు మట్టి ట్రాక్ మీద 200 రౌండ్ల పందెం. వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవరు ముందున్నాడు, కానీ జెండా ఊపింది బక్ బేకర్‌కి. స్కాట్ తన కారు రెండు రౌండ్లు ఎక్కువే తిరిగిందని పట్టుబట్టాడు. కాగితాలు మళ్ళీ చూస్తే ఆయన 202 తిరిగాడని తేలింది. అప్పటికి జనం వెళ్ళిపోయారు, ట్రోఫీ బేకర్ చేతిలో ఉంది. గెలుపు స్కాట్ పేరున రాశారు కానీ ట్రోఫీ ఆ రోజు ఆయనకి అందలేదు. ఆయన కుటుంబం చేతికి నాస్కార్ ట్రోఫీ ఇచ్చింది 2021లో. ఆ తరగతిలో గెలిచిన మొదటి నల్లజాతి డ్రైవరు ఆయనే.

ఆ రోజు కాగితాలు ఉండబట్టే నిజం బయటపడింది. అప్పటి పద్ధతి మీరూ పెట్టుకోవచ్చు. ఒక్కో పోటీదారుకి ఒక్కో మనిషి, ఒక్కో కార్డు. ఒకరికి ఇద్దర్ని అప్పజెప్పకండి, రెండూ ఒకేసారి గీత దాటితే ఒకటి తప్పుతుంది. అందరికీ కనపడేట్టు ఒకే పెద్ద గడియారం పెట్టాలి. కార్డులో ఊరికే గీతలు పెట్టకూడదు, గీత దాటిన ప్రతిసారీ గడియారంలో నిమిషం, సెకను రాయాలి. ఈ సమయాలే మీ సాక్ష్యం. రౌండుకి 70 సెకన్లు పట్టే పోటీదారు కార్డులో ఒకచోట 140 సెకన్ల ఖాళీ కనిపిస్తే అక్కడ ఒక రౌండు రాయడం మర్చిపోయారన్నమాట. పోటీదారు నిజంగా ఆగి ఉంటే ఖాళీ 95 అనో 160 అనో వస్తుంది, సరిగ్గా రెట్టింపు రావడం అరుదు. ఫలితం చదివే ముందు మొదటి ముగ్గురి కార్డులూ పక్కపక్కన పెట్టి ఈ ఖాళీలు చూడండి, పది నిమిషాల పని. అప్పటిదాకా షీల్డు బల్ల మీదే ఉండనివ్వండి.